అదే మరణం, వేరే సెక్షన్: ఎఫ్‌ఐఆర్‌లోని ఆ నంబర్ ఏం నిర్ణయిస్తుంది?

రాత్రి పదకొండున్నరకు ఊరి చివర రోడ్డు మీద ఒక కారు బైకును ఢీకొట్టిందనుకుందాం. బైకు మీదున్న మనిషి అక్కడికక్కడే చనిపోయారు. తెల్లారేసరికి బంధువులంతా మార్చురీ దగ్గర ఉన్నారు. మధ్యాహ్నం ఎవరో వచ్చి చెబుతారు, "కారు నడిపినోడికి స్టేషన్ బెయిల్ ఇచ్చేశారంట, ఇంటికెళ్లిపోయాడంట" అని.

గొడవ అక్కడే మొదలవుతుంది. డబ్బులు చేతులు మారాయంటారు ఒకరు. పైనుంచి ఫోన్ వచ్చిందంటారు ఇంకొకరు. సాయంత్రానికి శవంతో రోడ్డు మీద ధర్నా.

ఫోన్ వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. కానీ ఎవరూ ఫోన్ చేయకపోయినా ఇదే జరిగేది. ఎందుకంటే ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 106(1). అది బెయిలబుల్ నేరం. ష్యూరిటీ ఇస్తానంటే బెయిల్ ఇవ్వనని చెప్పే అధికారం ఆ స్టేషన్ ఎస్‌ఐకి లేదు. అదే ఎఫ్‌ఐఆర్‌లో 105 అని ఉంటే కథ ఇంకోలా నడిచేది. రిమాండ్, జైలు, సెషన్స్ కోర్టులో బెయిల్ పిటిషన్.

మనిషి ప్రాణం ఒకటే, కారు ఒకటే. మారింది ఒక్క నంబర్. నేరం ఎంత తీవ్రమైందన్నది టీవీ చర్చల్లోనో, ధర్నాల్లోనో తేలదు. చట్టం చివర ఉన్న ఒక పట్టికలో తేలుతుంది. దాన్ని చదవడం లాయర్లకు మాత్రమే సాధ్యమయ్యే పనేమీ కాదు.

ఆ పట్టిక ఎక్కడుంది?

2024 జులై 1 నుంచి దేశంలో ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) అమల్లోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి, కోర్టు వార్తల్లో ఇంకొన్నేళ్లు రెండు రకాల నంబర్లూ కనిపిస్తాయి. సినిమాలు మనకు నేర్పిన 302 ఇప్పుడు హత్య కాదు. హత్య 103కి మారింది. కొత్త 302 మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటలకు సంబంధించినది. '420' మాత్రం తిట్టుగా మిగిలింది, చట్టంలో అది 318(4).

బీఎన్‌ఎస్ ఏది నేరమో, దానికి శిక్ష ఎంతో చెబుతుంది. ఆ నేరాన్ని పోలీసులు, కోర్టులు ఎలా చూడాలన్నది బీఎన్‌ఎస్‌ఎస్ చివర ఉన్న మొదటి షెడ్యూల్ చెబుతుంది. అందులో ఆరు గడులు ఉంటాయి: సెక్షన్, నేరం, శిక్ష, కాగ్నిజబులా కాదా, బెయిలబులా కాదా, ఏ కోర్టు విచారించాలి.

కాగ్నిజబుల్ అంటే పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగలిగే నేరం. ఫిర్యాదులో అలాంటి నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో చెప్పింది. నాన్ కాగ్నిజబుల్ అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా చేయకూడదు. పక్కింటివాళ్లతో గొడవై స్టేషన్‌కు వెళ్తే "కోర్టు పర్మిషన్ తీసుకోవాలి" అనే మాట వినిపించేది ఇందుకే. అది ప్రతిసారీ తప్పించుకునే మాట కాదు. చేత్తో కొట్టి మామూలు దెబ్బ తగిలితే పెట్టే 115(2) నాన్ కాగ్నిజబులే.

అదే గొడవలో ఒక పన్ను ఊడిందనుకోండి. ఎముక విరిగినా, పన్ను ఊడినా, దెబ్బల వల్ల 15 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోయినా (ఐపీసీలో ఇది 20 రోజులు) అది 'తీవ్రమైన గాయం' అవుతుంది. సెక్షన్ 117(2)కి వెళ్తుంది, గరిష్ఠ శిక్ష ఏడాది నుంచి ఏడేళ్లకు పెరుగుతుంది, కేసు కాగ్నిజబుల్ అవుతుంది. ఇక్కడ నేరం స్థాయిని తేల్చేది పోలీసు కాదు, ప్రభుత్వాసుపత్రి డాక్టర్ రాసే ఊండ్ సర్టిఫికెట్. కొట్లాట కేసుల్లో ఇరు పక్షాలూ ఆ కాగితం చుట్టూ తిరిగేది ఊరికే కాదు.

ఒక మరణానికి ఎన్ని సెక్షన్లు?

మనిషి చనిపోయిన కేసుల్లో సెక్షన్ ఎంపిక అన్నిటికంటే కీలకం. చట్టం ఇక్కడ 'ఏం జరిగింది' అన్నదానికంటే 'చేసినవాడి మనసులో ఏముంది' అన్నదాన్నే ఎక్కువగా చూస్తుంది.

చంపాలనే చంపితే 103(1), హత్య. మరణశిక్ష లేదా యావజ్జీవం, అంతకంటే తక్కువ వేసే వీల్లేదు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది గుంపుగా చేరి కులం, భాష, పుట్టిన ప్రాంతం లాంటి కారణంతో ఒకరిని చంపితే 103(2). మూకహత్య అనే మాట చట్టంలో లేకపోయినా ఈ ఉపసెక్షన్ దాని కోసమే కొత్తగా వచ్చింది.

హత్య స్థాయికి చేరని ప్రాణహరణం 105. ఇందులో రెండు మెట్లున్నాయి. చంపే ఉద్దేశం ఉంటే యావజ్జీవం, లేదా ఐదు నుంచి పదేళ్లు. ఉద్దేశం లేదు గానీ తాను చేసే పని వల్ల ప్రాణం పోవచ్చని తెలిసీ చేస్తే పదేళ్ల వరకు. ఇక ఉద్దేశమూ లేదు, తెలివిడీ లేదు, నిర్లక్ష్యం మాత్రమే ఉందంటే 106(1). ఐదేళ్ల వరకు. పాత 304ఏలో ఇది రెండేళ్లే ఉండేది. రిజిస్టర్డ్ డాక్టర్లు వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే మాత్రం గరిష్ఠం రెండేళ్లే.

'తెలిసీ చేయడం', 'నిర్లక్ష్యం' మధ్య గీత ఎక్కడుంది? ముంబయిలో 2006లో తాగి కారు నడిపిన ఒక యువకుడు ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న వారిపైకి దూసుకెళ్లాడు. ఏడుగురు చనిపోయారు. అది నిర్లక్ష్యమే తప్ప మరేం కాదని అతని తరఫున వాదించారు. 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తాగి అంత వేగంగా నడిపితే ప్రాణాలు పోవచ్చని అతనికి తెలుసనే అనుకోవాలంది. అంటే ఇప్పటి 105 రెండో మెట్టు.

అందుకే తాగి నడిపిన ప్రాణాంతక ప్రమాదాల్లో బ్రీత్ ఎనలైజర్ రీడింగ్, రక్త నమూనా తీసుకున్న సమయం అంత ముఖ్యం. నమూనా ఆరు గంటలు ఆలస్యమైతే 105కి ఉన్న పెద్ద ఆధారం కరిగిపోతుంది. మిగిలేది 106. ధర్నా చేయాల్సి వస్తే 'కఠినంగా శిక్షించాలి' అన్న బ్యానర్ కంటే 'రక్త పరీక్ష ఎన్ని గంటలకు చేశారు' అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

106లోనే ఇంకో చిక్కుంది. శిక్ష ఐదేళ్ల దాకా అని రాశారు. కానీ విచారించేది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్. ఆ కోర్టు మూడేళ్లకు మించి జైలు శిక్ష వేయలేదు. అంతకంటే ఎక్కువ అవసరమనిపిస్తే కేసును చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు పంపాలి, ఆ కోర్టు ఏడేళ్ల దాకా వేయగలదు. చట్టంలో ఒక గడిలో అంకె పెంచారు, పక్క గడిని ముట్టుకోలేదు.

మరి గుద్ది పారిపోతే పదేళ్లన్నారు కదా? అది 106(2). 2024 జనవరిలో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు దానికి వ్యతిరేకంగానే సమ్మె చేశారు. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు, గుర్రం మీద ఫుడ్ డెలివరీకి వెళ్లిన కుర్రాడి వీడియో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మిగతా బీఎన్‌ఎస్‌ను జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన కేంద్రం ఆ ఒక్క ఉపసెక్షన్‌ను మాత్రం పక్కన పెట్టింది.

ఇంట్లో జరిగే మరణాలకు వేరే గీతలున్నాయి. పెళ్లయిన ఏడేళ్ల లోపు భార్య అసహజంగా చనిపోయి, అంతకు కొద్ది ముందు కట్నం కోసం వేధించారని తేలితే సెక్షన్ 80, వరకట్న మరణం. కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఇక్కడ చట్టం బరువును అటువైపు వేస్తుంది. ఆ రెండూ రుజువైతే మరణానికి భర్త లేదా అత్తింటివారే కారణమని కోర్టు భావిస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లే. ఏడేళ్ల గీత దాటితే ఈ వెసులుబాటు ఉండదు. అప్పుడు ఆత్మహత్యకు ప్రేరేపించడం (108, పదేళ్ల వరకు) కిందో, హత్య కిందో మామూలుగానే రుజువు చేయాలి. అందుకే ఇలాంటి కేసుల్లో పుట్టింటివారు మొదట వెతకాల్సిన కాగితం పెళ్లి తేదీ ఉన్న శుభలేఖ లేదా మ్యారేజ్ సర్టిఫికెట్.

శిక్ష ఎక్కువైతే బెయిల్ రాదా?

చాలామంది ఇలాగే అనుకుంటారు. పట్టిక అలా లేదు.

ఎముక విరగ్గొడితే ఏడేళ్లు, అయినా బెయిలబుల్. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్లు, అదీ బెయిలబులే. భార్యను వేధిస్తే (85) మూడేళ్లు, నాన్ బెయిలబుల్. దొంగతనం మూడేళ్లు, నాన్ బెయిలబుల్. మోసం 318(4) ఏడేళ్లు, నాన్ బెయిలబుల్. ఈ గడుల వెనక ఒక తర్కం ఉంది. దొంగ బయటికొస్తే మళ్లీ దొంగతనం చేయొచ్చు, సొత్తు మాయం చేయొచ్చు. భర్త బయట ఉంటే ఫిర్యాదు చేసిన భార్య అదే ఇంట్లో ఉండాల్సి రావచ్చు. కొట్లాటలో చేయి విరగ్గొట్టినవాడు పారిపోయే రకం కాకపోవచ్చు. కానీ ఈ తర్కంలో చాలా భాగం 19వ శతాబ్దం నాటిది. సెల్‌ఫోన్ దొంగకు బెయిల్ కోర్టు దయ, మనిషిని గుద్ది చంపినవాడికి బెయిల్ హక్కు అనే ఏర్పాటును 2024లో కొత్త నంబర్లతో యథాతథంగా దింపుకోవడం నాకు సరైన పనిగా అనిపించదు.

నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాని కేసు అని అర్థం కాదు. బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయిస్తుందని మాత్రమే. "నాన్ బెయిలబుల్ పెట్టిస్తా" అని బెదిరించేవాళ్లూ, విని వణికిపోయేవాళ్లూ ఈ తేడా గమనించరు.

మూడు, ఏడు, పది

షెడ్యూల్‌లో రాయకపోయినా, బీఎన్‌ఎస్‌ఎస్ అంతటా మూడు అంకెలు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిని గుర్తుపెట్టుకుంటే సగం చట్టం అర్థమైనట్టే.

గరిష్ఠ శిక్ష మూడేళ్లు లేదా ఎక్కువ, ఏడేళ్ల కంటే తక్కువ అయిన నేరాల్లో, డీఎస్పీ అనుమతితో పోలీసులు ఎఫ్‌ఐఆర్‌కు ముందు 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేయొచ్చు. ఇది కొత్త వెసులుబాటు. ఫిర్యాదు ఇచ్చాక రెండు వారాలు ఎఫ్‌ఐఆర్ నంబర్ రాకపోతే కారణం ఇదై ఉండొచ్చు. అయితే ఆ అనుమతి నిజంగా తీసుకున్నారా అని అడగండి. హత్య, అత్యాచారం, ఏడేళ్ల శిక్ష పడే మోసం కేసులకు ఈ 14 రోజుల నిబంధన వర్తించదు.

ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు మామూలు పని కాకూడదు. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాతపూర్వకంగా చెప్పాలి. అవసరం లేదనుకుంటే సెక్షన్ 35(3) కింద నోటీసిచ్చి పిలవాలి. ఒకప్పటి '41ఏ నోటీసు' ఇదే. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా చెప్పింది. నోటీసు అందుకుని పిలిచినప్పుడల్లా హాజరవుతున్నవారిని, కారణం రాయకుండా అరెస్టు చేయకూడదు. "కేసు పెట్టి నెలైంది, ఇంకా అరెస్టు చేయలేదేంటి" అని బాధితులు అడిగే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ ఫోన్‌కు పోలీసు లోగోతో పీడీఎఫ్ వచ్చి, వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనిపించి, 'డిజిటల్ అరెస్టు' అన్నారంటే అది కచ్చితంగా మోసమే. భారత చట్టంలో అలాంటి అరెస్టు లేదు. 1930కి ఫోన్ చేయండి.

ఏడేళ్లు, అంతకు మించిన నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయాలని కొత్త చట్టం చెబుతోంది. అయితే ఏర్పాట్లు చేసుకోడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు.

పదేళ్ల గీత ఛార్జిషీట్ దగ్గర వస్తుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన జైలు పడే నేరాలైతే 90 రోజుల్లో, మిగతావాటిలో 60 రోజుల్లో ఛార్జిషీట్ వేయాలి. వేయకపోతే నిందితుడు అడిగిన వెంటనే బెయిల్ ఇవ్వాలి, నేరం ఎంత దారుణమైనా సరే. ఇలా బయటికొచ్చినవారిని చూసి 'కోర్టు వదిలేసింది' అంటాం. నిజానికి తారీఖు దాటబెట్టింది దర్యాప్తు అధికారి.

ఐదు వేల ఫోన్, ఇరవై కిలోల గంజాయి

కొన్ని నేరాల తీవ్రత తూకంతో, ధరతో తేలుతుంది.

ఫోన్ జేబులోంచి కొట్టేస్తే దొంగతనం, 303(2). చేతిలోంచి లాక్కుని బైకు మీద పారిపోతే స్నాచింగ్, 304. ఐపీసీలో ఇలాంటి విడి సెక్షన్ లేదు, గొలుసు దొంగతనాలు పెరిగాక వచ్చింది. రెండింటికీ గరిష్ఠం మూడేళ్లే. కానీ దొంగతనం అయిన సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపు ఉండి, నిందితుడికి అది మొదటి నేరమై, సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష జైలు కాదు, సమాజ సేవ. పైగా షెడ్యూల్‌లో అది నాన్ కాగ్నిజబుల్. మూడేళ్ల కిందటి ఫోన్‌కు ఇవాళ విలువ ఎంతని స్టేషన్‌లో లెక్క కడతారో ఊహించండి. ఫిర్యాదులో ఫోన్ కొన్న బిల్లు, మోడల్, ఐఎంఈఐ నంబర్ రాయమనేది ఇందుకు కూడా.

గంజాయి విషయంలో తూకమే అంతా. కిలో లోపు 'చిన్న పరిమాణం', ఏడాది వరకు జైలు. 20 కిలోలు మించితే 'వాణిజ్య పరిమాణం', పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు. మధ్యలో ఉంటే పదేళ్ల వరకు. వాణిజ్య పరిమాణం కేసులో బెయిల్ కావాలంటే నిందితుడు నేరం చేయలేదనడానికి తగిన కారణాలున్నాయని కోర్టు నమ్మాలి, ఛార్జిషీట్ గడువు కూడా 180 రోజులు. విశాఖ ఏజెన్సీ నుంచి హైదరాబాద్ వైపు వచ్చే వాహనాల్లో పట్టుబడే డ్రైవర్లు, క్లీనర్లలో కొందరికి సరుకు ఎవరిదో కూడా తెలియదు. చట్టం మొదట చూసేది మూటల బరువే.

'తీవ్ర నేరం' అన్న మాట చట్టంలో ఉందా?

బీఎన్‌ఎస్‌లో ఎక్కడా నేరాలను స్వల్పం, తీవ్రం, ఘోరం అని పేర్లు పెట్టి విడదీయలేదు. ఆ పని చేసింది 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం. మూడేళ్ల లోపు శిక్షలున్నవి చిన్న నేరాలు, మూడు నుంచి ఏడేళ్లవి తీవ్రమైనవి, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్నవి ఘోరమైనవి. 16 నుంచి 18 ఏళ్ల వయసువారు ఘోర నేరం చేశారని ఆరోపణ ఉంటేనే, పెద్దవారిలా విచారించాలా అని బాలల న్యాయమండలి పరిశీలించాలి.

'కనీస' అన్న మాటలో ఉంది కిటుకు. పాత 304లో పదేళ్ల వరకు, యావజ్జీవం వరకు శిక్ష ఉంది గానీ కనీసం అంటూ లేదు. మైనర్ కారు నడిపి ఒకరి మరణానికి కారణమైన ఢిల్లీ కేసులో 2020లో సుప్రీంకోర్టు అదే చెప్పింది: గరిష్ఠం ఎంతైనా, కనీసం ఏడేళ్లు లేకపోతే అది ఘోర నేరం కాదు. ఈ ఖాళీని పార్లమెంటు పూడ్చాలే తప్ప కోర్టు పూడ్చలేదంది. 2024 మేలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చనిపోయినప్పుడు, 300 పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చారని దేశమంతా కోపగించింది. ఆ షరతు విమర్శకు తగినదే. కానీ అతన్ని పెద్దవాడిగా విచారించాలన్న డిమాండ్‌కు అడ్డు నిలిచింది ఈ నిర్వచనం. కొత్త 105లో మొదటి మెట్టుకు కనీస శిక్ష పెట్టారు, అది ఐదేళ్లే.

పద్నాలుగేళ్లకు వదిలేస్తారా?

యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు అన్నది మన దగ్గర పాతుకుపోయిన అపోహ. యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంతకాలం అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. పద్నాలుగేళ్లు అన్నది విడుదల తేదీ కాదు. హత్యలాంటి నేరంలో యావజ్జీవం పడిన ఖైదీని రాష్ట్ర ప్రభుత్వం క్షమాభిక్షతో వదలాలనుకున్నా, అంతవరకైనా లోపల ఉంచాలన్న కనీస గీత. ఆ తర్వాత వదలాలా వద్దా అన్నది ప్రభుత్వ నిర్ణయం. ఇరవై, ముప్పై ఏళ్లు క్షమాభిక్ష లేకుండా ఉంచాలని ఆదేశించే అధికారం హైకోర్టు, సుప్రీంకోర్టులకే ఉంది, కింది కోర్టులకు లేదని 2015లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

మరణశిక్ష వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి, హైకోర్టు ధ్రువీకరించాలి. 'అత్యంత అరుదైన కేసుల్లోనే' అన్న సూత్రం 1980 నాటి బచన్ సింగ్ తీర్పులోది. ఆ సూత్రం ఎంత జారుడు నేలో తెలుగువారికి 1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనం చెబుతుంది. దోపిడీకి దిగి బస్సుకు నిప్పుపెట్టిన ఘటనలో 23 మంది చనిపోయారు. ఇద్దరు యువకులకు ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దోచుకోవడానికి వెళ్లారే గానీ చంపడానికి కాదంటూ పౌరహక్కుల సంఘాలు, రచయితలు పోరాడారు. చివరికి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. 23 ప్రాణాలు ఒకవైపు, నిందితుల మనసులో ఏముందన్న ప్రశ్న మరోవైపు. కారు ప్రమాదం దగ్గర చూసిన ప్రశ్నే ఇది.

రాష్ట్రం సొంతంగా శిక్షలు పెంచగలదా?

పెంచగలదు, ఒక షరతుతో. నేర చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది. కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం చేసిన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లును ఆమోదించింది. కొన్ని లైంగిక నేరాల్లో ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు అన్నారు. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు, యాప్ వచ్చాయి. చట్టానికి మాత్రం రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఆ పేరు మీద 21 రోజుల ఉరి అని నమ్మినవారు ఇప్పటికీ కనిపిస్తారు.

ఆ బిల్లుకు కారణమైన హైదరాబాద్ శివార్లలోని ఘటనలో నలుగురు నిందితులు డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. వాళ్ల వయసెంత, ఏ సెక్షన్, ఏ కోర్టు అని అడిగే అవకాశమే లేకుండా కేసు అక్కడ ముగిసింది.

సెక్షన్ తప్పనిపిస్తే ఏం చేయాలి?

మళ్లీ మార్చురీ దగ్గరికి వెళదాం. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకూ, బాధితులకూ ఉచితంగా ఇవ్వాలి. లైంగిక నేరాల్లాంటి సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందులో 'యూ/ఎస్' తర్వాత ఉన్న నంబర్ చూడండి. అది రాయి మీద చెక్కినదేమీ కాదు. దర్యాప్తులో కొత్త విషయం తేలితే దర్యాప్తు అధికారి కోర్టులో ఆల్టరేషన్ మెమో వేసి సెక్షన్ మార్చవచ్చు, రోజూ మారుస్తూనే ఉంటారు. తీర్పు వచ్చేలోగా ఎప్పుడైనా అభియోగాన్ని మార్చే అధికారం కోర్టుకూ ఉంది.

కాబట్టి సెక్షన్ తక్కువగా ఉందనిపిస్తే, ఎందుకు ఎక్కువ ఉండాలో ఆధారంతో రాసి దర్యాప్తు అధికారికి ఇచ్చి, రసీదు తీసుకోండి. డ్రైవర్ తాగి ఉన్నాడని చూసిన సాక్షి, బార్ బిల్లు, రోడ్డు మీది సీసీ కెమెరా ఫుటేజీ లాంటివి. ఫుటేజీ కొన్ని రోజులకే చెరిగిపోతుంది, అందుకే దాన్ని భద్రపరచమని మొదటి రోజే రాతపూర్వకంగా అడగాలి. ఎఫ్‌ఐఆరే కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గర 175(3) కింద పిటిషన్ వేయొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పడం ఇప్పుడు పోలీసుల బాధ్యత. లాయర్‌ను పెట్టుకోలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100 ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఇస్తారు.

ఇంకొక్కటి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం వేసే కేసు, ఈ క్రిమినల్ కేసు వేర్వేరు. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది 105 అయినా 106 అయినా పరిహారం లెక్క మారదు. చనిపోయినవారి వయసు, సంపాదన, వారి మీద ఆధారపడినవారు ఎందరన్నది చూస్తారు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా ఆ దరఖాస్తు వేయాలి. సెక్షన్ మీద పోరాడుతూ ఆ తేదీని మరిచిపోయిన కుటుంబాలు ఉన్నాయి.